బిడ్డలతో నొకనాటి ప్రయాణము

గడచిన సంక్రాంతి సెలవులలో మా చిన్నవాడు, తొమ్మిదేండ్లవాడు, పాఠపుస్తకము చేతబట్టుకొని వంటయింటిలోనికి వచ్చి, “అమ్మా, కృష్ణదేవరాయలు గెలిచిన ఉదయగిరి మన ఉదయగిరేనా?” అని యడిగెను. ఔనంటిని. “అయితే నువ్వు ఆ కొండ ఎక్కినావా?” అని మరల నడిగెను. నేను బదులు చెప్పలేకపోయితిని. నా పుట్టినిల్లు ఆ కొండ కనబడు పల్లె. ప్రొద్దున కళ్లాపి చల్లునప్పుడు ఆ కొండనే చూచితిని. సాయంకాలము దానిమీద మబ్బు దిగినచో వాన వచ్చునని మా యమ్మ వడియములు లోపల పెట్టించెడిది. పెండ్లియై ఆత్మకూరునకు వచ్చువఱకు దాని యెదుటనే పెరిగితిని. ఒక్కనాడును దాని నెక్కలేదు. ఎక్కవలెనని తోచనైన లేదు.

ఇది నా యొక్కతె సంగతి కాదు. మనలో ననేకులు తిరుపతి చూచితిమి, మదరాసు సముద్రము చూచితిమి, కొందఱు కాశీ రామేశ్వరములును సేవించి వచ్చితిమి. కాని బస్సు కిటికీలోనుండి ప్రతిదినము కనబడు కొండమీద నేమున్నదో చెప్పలేము. సెలవులు వచ్చినవనగానే బిడ్డలను పట్టణములకు గొనిపోయి, ఆటబొమ్మల యంగళ్లు, కదలెడు మెట్లు చూపింతుము. అందులకు వేలకొలది రూపాయలు వ్యయమగును. చేతులలో సొమ్ము లేనివారు పిల్లలకు ఫోను చేతికిచ్చి యింటనే కూర్చుండబెట్టుదురు. ఈ రెంటికి నడుమ మూడవ మార్గ మొకటి కలదు. ప్రొద్దున సద్దిమూటతో బయలుదేరి, దీపము పెట్టువేళకు మరల నిల్లు చేరుకొన దగిన ప్రయాణములు మన పడమటి నెల్లూరు సీమలోనే యున్నవి. ఆ సెలవులు మొదలు ఈ యేడు మేము చేసిన మూడు నాలుగు ప్రయాణములను గూర్చి యిచ్చట విన్నవించుచున్నాను.

కొండ

ఉదయగిరి దుర్గము నెల్లూరునకు సుమారు నూఱు కిలోమీటర్ల దూరమున నున్నది. కొండ సముద్రమట్టమునకు 3079 అడుగుల యెత్తు. మేము తెల్లవారకమున్నే బయలుదేరి, ఎండ ముదురక పూర్వమే కొండ పాదమును చేరితిమి. మా యత్తగారు కొండ యెక్కలేరు గనుక, ఊరిలోని రంగనాయకుల గుడియొద్ద పొరుగింటి పెద్దమ్మను తోడుంచితిమి. ఆ గుడి శిథిలమైనను స్తంభములమీది శిల్పము చూడదగినది. పూజలేని గుడికి పోనేల యని యనుకొనరాదు. చేతిపని నేర్చిన మన స్త్రీలు ఆ స్తంభముల యంచులలోని లతలను చూచినచో తప్పక ముగ్గులకు పనికివచ్చు నమూనాలు దొరకును. మా అమ్మాయి రెండింటిని కాగితముమీద వ్రాసికొని వచ్చి, ఈ ధనుర్మాసమున వాకిట వేయదలచినది.

కొండ యెక్కునపుడు పిల్లలకు కథ చెప్పుచు ఎక్కింపవలెను. కథ యున్నచో కాళ్లు నొవ్వవు. ఈ కోట పూర్వము ఓఢ్రదేశపు గజపతుల యధీనమున నుండెను. కృష్ణదేవరాయలు ప్రతాపరుద్ర గజపతిపై దండెత్తి వచ్చినపుడు మొట్టమొదట నెదురైనది యీ కొండయే. ఏడాదిన్నరపాటు ముట్టడించి 1514వ సంవత్సరమున దీనిని పట్టుకొనెను. అంతకాలమేల పట్టినదో నడచి చూచిన బిడ్డలకు చెప్పనక్కఱలేదు. నిట్టనిలువు చరియలు, ముళ్లపొదలు, సన్నని దారి. ఆ శతాబ్దముననే విజయనగరమున నుండిన న్యూనిజ్ అను పోర్చుగీసు వర్తకుడు ఈ ముట్టడిని గూర్చి వ్రాసినాడు. ఒకరి వెనుక నొకరు మాత్రమే నడువదగిన దారిని రాయలు బండలు పగులగొట్టించి, సేనలు పోవుటకు వెడల్పైన బాటలుగా చేయించెనట! మావాడు ఈ మాట విన్నది మొదలు ప్రతి బండను తట్టి, “ఇది రాయలు కొట్టించిందా, వాన కొట్టిందా?” యని యడుగుచు పైదనుక నెక్కినాడు. అలసితినని యొక్కమాఱైన ననలేదు.

న్యూనిజ్ వ్రాసిన వేఱొక సంగతి స్త్రీలమైన మనము తలచుకొనదగినది. కోట పడినపుడు గజపతిరాజు మేనత్తయో పినతల్లియో, ఆయన వంశపు పెద్ద ముత్తైదువ యొకతె రాయలకు చిక్కెను. ఆమెను సకల మర్యాదలతో తోడ్కొనిపోయెనని ఆ వర్తకుడు చెప్పుచున్నాడు. మా అమ్మాయి కిది నచ్చలేదు. “మర్యాద చేస్తే మాత్రం, ఇల్లు విడిచిపోవలసిందే కదా అమ్మా?” యన్నది. ఆ ప్రశ్నకు చరిత్రపుస్తకములలో జవాబు లేదు. ఆ బండలనడుమ కూర్చుండియున్నందుననే దానికా ప్రశ్న పుట్టెనని నా నమ్మకము. ఇంటిలో చదివినపుడు అది మార్కులకొఱకు సంవత్సరము మాత్రమే కంఠస్థము చేసినది.

రాయలు ఉదయగిరినుండి బాలకృష్ణుని విగ్రహమును గొనిపోయి, విజయనగరమున గుడి కట్టించి 1515లో ప్రతిష్ఠ చేయించెను. హంపిలోని కృష్ణాలయ మదియే. ఆ గోపురముమీద యుద్ధదృశ్యములును మలచినారు. ఆ బాలకృష్ణుడు నేడు గుడిలో లేడు, చెన్నపట్టణపు మ్యూజియములో నున్నాడు. ఇకమీద చెన్నపట్టణమునకు పోవు తల్లులు సముద్రపుటొడ్డునకు పోవుటకు ముందు ఎగ్మూరులోని మ్యూజియమునకు పిల్లలను తీసికొనిపోయి, “ఈతడు మన యూరివాడు” అని చూపవలెనని నా మనవి.

దుర్గమున పదుమూడు కోటలున్నవని చెప్పుదురు. ఎనిమిది కొండపైన, ఐదు క్రింద. అన్నిటిని ఒక్కదినమున చూడ నెంచరాదు. పిల్లల శక్తికి మించి నడిపించినచో మఱుసటి ప్రయాణమునకు వారు రారు. పైని మసీదును మాత్రము చూపవలెను. గోలకొండ నేలిన అబ్దుల్లా కుతుబ్‌షా కాలమున షేక్ హుస్సేన్ అను నాయకుడు ఆ మసీదును కట్టించి తోట నాటించినట్లు అచ్చటి పారసీక శాసనములు తెలుపుచున్నవి. కోటను పట్టినవారి పేర్లు రాళ్లమీద నుండుట సాధారణమే. తోట నాటినవాని పేరు నుండుట విశేషము. గజపతులు, రాయలు, నవాబులు ఒకరి వెనుక నొకరు వచ్చిపోయిరి. వారందఱి పనియు నేడు ఒక్క ముళ్లకంపలోనే కలిసియున్నది.

ఇచ్చట నొక్క కఠినమైన మాట చెప్పక తప్పదు. గోడలమీద మేకులతో గీచిన పేర్లు, బొగ్గుతో గీసిన బొమ్మలు చూచితిమి. మన పాతకోటలలో నిధులున్నవన్న పేరాసతో గోతులు త్రవ్విన సంగతులును తఱచుగా వినుచున్నాము. ఈ పనులు చేయువారు ఎక్కడనుండియో వచ్చిన పగవారు కారు, మన బిడ్డలే. చిన్నతనమున నీ కొండ “నాది” యని యొక్కమాఱు తలచిన బిడ్డ పెద్దయైన తరువాత దానిని మేకుతో గీయడు. ఆ తలపు కలిగించుట తల్లి చేతిలోని పని.

చెంచాల వీధి

కొండ దిగినపిమ్మట పిల్లలు అలసియుందురు. ఆ వేళ ఉదయగిరిలో కొయ్య చెంచాలు చేయువారి వీధికి తీసికొనిపోవలెను. నర్ది, బిక్కి, దేవదారి వంటి పేర్లతో వారు పిలుచు దుర్గపు కొండల చెక్కతో చెంచాలు, గరిటెలు, ముళ్ల చెంచాలు, దువ్వెనలు చేయుచుందురు. పిడిచివర పూవో, లతయో, చేపయో చెక్కబడియుండును. ఈ పనిలో పారసీకపు పోకడ కలదందురు. తరతరములుగా ముసల్మాను కుటుంబములవారు దీనిని నిలుపుకొనుచున్నారు. గత దశాబ్దమున ఉదయగిరి కొయ్య చెంచాలకు భౌగోళిక సూచిక యను ప్రభుత్వపు గుర్తింపు లభించినది. అనగా మఱియొక చోట చేసినదానిని ఉదయగిరి పేర అమ్మరాదు.

మన మిచ్చట గమనింపవలసినది ఈ పని చేయువారిలో పెక్కుమంది స్త్రీలే యనునది. వంట ముగించి, బిడ్డను ప్రక్కన పండుకొనబెట్టుకొని, ఆకురాయితో చెంచాను నునుపు చేయుచున్న యొక తల్లియొద్ద మా అమ్మాయి గంటసేపు కూర్చుండినది. తాను దాచుకొన్న సొమ్ముతో పప్పుగరిటె యొకటి కొన్నది. నేను అలవాటు చొప్పున బేరమాడబోగా, అది నా చేయి పట్టి యాపినది. యంత్రముమీద పోసిన ప్లాస్టికు గరిటెకు చెప్పిన వెలకు మాఱుపలుకక కొనుచు, చేతిపనికి మాత్రము పది రూపాయలు తగ్గింపుమని వేడుదుము. నాటినుండి ఆ గరిటె మా యింట పప్పులో తిరుగుచున్నది. ఇనుప గరిటెవలె చేయి కాలదు, పాత్ర గీచదు. కడిగిన వెంటనే తుడిచి నీడను ఆరబెట్టవలెను. నీళ్లలో నానవేయరాదు. అప్పుడప్పుడు నువ్వులనూనె యొక చుక్క వేసి రుద్దినచో చెక్క పగులదు.

ఏఱు

రెండవ ప్రయాణము పెన్న యొడ్డునకు. ఆత్మకూరునుండి అనంతసాగరము మీదుగా సోమశిల చేరవచ్చును. నడుమ అనంతసాగరపు చెఱువు కనబడును. పిల్లలకు చెఱువును ముందు చూపి, పిమ్మట జలాశయమును చూపుట మంచిది. అప్పుడు గాని పెద్దతన మనగా నేమో వారికి తెలియదు.

పెన్న కర్ణాటకములోని నందికొండలయొద్ద పుట్టి, అనంతపురము, కడప సీమలగుండ 597 కిలోమీటర్లు ప్రవహించి, నెల్లూరునకు దిగువ సముద్రమున కలియుచున్నది. దారిలో గండికోటయొద్ద నొకమాఱు కొండలను చీల్చినది. సోమశిలయొద్ద వెలికొండలను చీల్చి మన జిల్లాలోనికి వచ్చినది. ఆ సందునకే యానకట్ట కట్టినారు. జలాశయము నిండినపుడు 78 టి.ఎం.సి.ల నీరు పట్టును. ఒక టి.ఎం.సి. యనగా నూఱు కోట్ల ఘనపుటడుగులు. ఒక ఘనపుటడుగు మన యింటి రెండు బిందెల పాటి. ఇక లెక్క పిల్లలనే వేయుమనుడు. మావాడు వ్రేళ్లు మడచి మడచి, కడకు “అమ్మా, సున్నాలు చాలలేదు” అనెను.

ఈ ప్రయాణమునకు మా యత్తగారు మొదట రానన్నారు. “నాకా నీళ్లేం చూడబుద్ధి కాదు, మీరు పోయిరాండి” యన్నారు. కారణము మాకు తెలియును. వారి పుట్టిల్లు నాటి కడప జిల్లాలో అట్లూరు వైపునున్న పల్లె. సోమశిల జలాశయము కట్టినపుడు అట్లూరు, ఒంటిమిట్ట, నందలూరు ప్రాంతముల పల్లెలు పెక్కులు నీట మునిగినవి. వారి పల్లెయు నందులో నొకటి. అప్పటికి వారికి పెండ్లియై మా యింటికి వచ్చియుండిరి. పుట్టినవారు ద్వారబంధములు ఊడబెఱికికొని, తిరుగలి బండిలో వేసికొని, మిట్టమీది క్రొత్త యూరికి తరలిరి. ఆమె ఆ తరలింపు చూడలేదు, ఆ పిమ్మట ఆ నీటిని చూచుటకును పోలేదు. నలువదేండ్లనుండి మా యింటికి గంట ప్రయాణము లోపున నున్న ఆనకట్టను ఆమె కన్నెత్తి చూడలేదన్నమాట. చిన్నవాడు చేయి పట్టి లాగగా కాదనలేక బస్సెక్కినారు.

నీటి కెదురుగా నిలిచితిమి. గాలికి చిన్న చిన్న అలలు కట్టకు కొట్టుకొనుచుండెను. కొంతసేపటికి మావాడు, “అవ్వా, మీ ఊరు ఏడుంది?” అనెను. మాకందఱకును గుండె ఝల్లుమనినది. వానిని వారింపబోతిని. ఆమె నన్నాపి, చేయి చాచి, దూరమున పొగమంచులో కనబడు రెండు కొండలను చూపినారు. “అవి రెండూ కనపడతాండాయే, ఆ పక్కన, ఇంకా లోపలికి. నీళ్ల అడుగున ఉంది నాయనా” అన్నారు. వాడు నీటిలోనికి తొంగిచూచెను. ఊరు కనబడునేమో యని వాని యాస.

ఆ పిమ్మట నామె మాటాడసాగినారు. మా పెండ్లియైన యిన్నేండ్లలో నామె నోట వినని సంగతులు ఆ పూట వింటిమి. రచ్చబండయొద్ద వేపచెట్టు, దానికి కట్టిన ఉయ్యాల, ఎండకాలము ఏటి యిసుకలో చెలమ త్రవ్వి ముంత ముంతగా నీరు తోడుకొనుట, కచ్చూరపు వాసనతో వాళ్ల యమ్మ నలుగు పెట్టుట. పిల్లలిద్దఱును నోరు తెఱచుకొని వినిరి. వారికి సోమశిల యనగా పాఠములోని యొక పేరు. ఆ పూట అది వాళ్ల యవ్వ యాడుకొన్న చోటైనది.

“అయితే ఈ కట్ట కట్టకుండా ఉంటే బాగుండేదా అవ్వా?” అని అమ్మాయి యడిగినది. ఆమె వెంటనే చెప్పలేదు. “మీ తాత కయ్యల్లో రెండో కారు పండింది ఈ నీళ్లు వచ్చినాకనే. అదీ నిజమే, ఇదీ నిజమే” అన్నారు. బస్సువేళయైనదని మేము తొందరపెట్టుచుండగా, కొంగుముడి విప్పి, అందు దాచి తెచ్చిన పసుపు కుంకుమలను నీటిలోనికి విడిచినారు. రానన్న మనిషి యింటినుండి వచ్చునప్పుడే వానిని ముడివేసికొనెనని మాకప్పుడు తెలిసినది.

సోదరీమణులారా! పిల్లలకు వినోదముకొఱకు చేసిన ప్రయాణమున మా యత్తగారి బాల్యము మాకు దొరకినది. ఇంట పెద్దలున్నవారు వారిని విడిచి పోకుడు. మోకాళ్ల నొప్పులున్నచో నెమ్మదిగా నడిపింపుడు. ప్రతి ప్రదేశమునకు చరిత్ర యుండును. అందు మన యింటివారి పాలెంతయో చెప్పగలవారు పెద్దలే. వారు పోయినపిమ్మట అడుగుటకు ఎవ్వరును ఉండరు.

తిరిగి వచ్చునప్పుడు వేళ యున్నచో సంగమును చూడవచ్చును. అచ్చట సంగమేశ్వరుని కోవెలయు, పెన్నమీద ఇంగ్లీషువారి కాలమున 19వ శతాబ్దమున కట్టిన పాత ఆనకట్టయు కలవు. దాని స్థానమున క్రొత్తగా కట్టిన బారేజీ 2022 సెప్టెంబరు 6వ తేదీన ప్రారంభమైనది. ఆ యేడు ఫిబ్రవరిలో దివంగతుడైన ఆత్మకూరు శాసనసభ్యుడు, మంత్రి మేకపాటి గౌతమ్‌రెడ్డి పేరు దానికి పెట్టినారు. సోమశిలలో నిలిచిన నీరు ఏ కాలువలగుండ తమ పళ్లెములోని యన్నమగుచున్నదో పిల్లలు ఒకే దినమున చూచి తెలిసికొనవచ్చును.

కోన

మూడవది భైరవకోన. ఉదయగిరినుండి సీతారామపురము మీదుగా పోవలెను. మన జిల్లా యెల్లకు ఆవల, కొత్తపల్లె యను నూరికి చేరువ కొండల నడుమ నున్నది. ఒకే కొండచరియను తొలిచి యెనిమిది గుహాలయములు చేసినారు. అన్నిటను శివలింగములే. ద్వారముల కిరుప్రక్కల ద్వారపాలకులను ఆ రాతిలోనే మలచినారు. క్రీ.శ. 7, 8 శతాబ్దముల నాటి పనియని పండితుల యభిప్రాయము. వానలు కురిసిన నెలలలో ప్రక్కనే యెత్తునుండి జలపాతము దుముకును. కార్తికపున్నమినాడు చంద్రకిరణములు అచ్చటి దుర్గాదేవిపై పడునని భక్తులు చెప్పుదురు. ఆ నాడు జనసమ్మర్దము మిక్కుటము గనుక పసిబిడ్డలతో పోవువారు వేఱొక దినము నేర్పఱచుకొనుట మేలు.

పిల్లల కిచ్చట చూపవలసిన సంగతి యొకటి కలదు. సాధారణముగా గుడిని రాతిమీద రాయి పేర్చి కట్టుదురు. ఇచ్చట కట్టుట లేదు, తీసివేయుటయే. వలదన్న రాతిని చెక్కి తీసివేయగా మిగిలినదే గుడి. ఒక్క దెబ్బ తప్పినచో మరల నతికించుటకు వీలులేదు. మా అమ్మాయి కుండలోనుండి వెన్న తీసినట్లున్నదని యన్నది. మావాడు మాత్రము ఎనిమిది గుహలను మూడుమాఱులు లెక్కపెట్టి, తొమ్మిదవది దొరకునేమో యని వెదకెను. ఇద్దఱిలో నెవరి చూపు మేలైనదో నేను చెప్పజాలను.

ఇవికాక, దుత్తలూరు దగ్గఱి నఱ్ఱవాడలో వెంగమాంబ పేరంటాలు కోవెల కలదు. జ్యేష్ఠమాసపు తిరునాళ్లకు పల్లెపల్లెనుండి స్త్రీలు మొక్కుబడులతో వత్తురు. ఆత్మకూరునకు చేరువ అనుమసముద్రముపేటలో ఖాజా నాయబ్ రసూల్ దర్గా యున్నది. అచ్చటికి హిందువులును ముసల్మానులును కూడ పోవుదురు. ఈ రెండు చోటులను పిల్లలకు తిరునాళ్ల సందడిలో గాక, తీరిక దినములలో చూపినచో వచ్చువారి కష్టసుఖములను గమనించుటకు వీలగును.

కొన్ని సూచనలు

అనుభవముమీద తోచిన నాలుగు మాటలు చెప్పెదను. ఈ సీమలో వేసవి యెండ కఠినము. కార్తికమాసమునుండి మాఘమాసము వఱకు ప్రయాణమునకు తగిన కాలము. కొండకు పోవువారు తలకొక రెండు లీటర్ల నీరు తప్పక తీసికొనిపోవలెను. పైన దొరకునని నమ్మరాదు. వాన కురిసిన మఱునాడు బండలు జారును. ఆ దినము దుర్గము ఎక్కరాదు. పిల్లలకు చెప్పులకంటె కాలికి పట్టియుండు బూట్లు మేలు. తిరిగి దిగుటకు ఎక్కుటకంటె నెక్కువ జాగ్రత్త వలయును గనుక, మధ్యాహ్నము కాకమునుపే దిగుట ప్రారంభింపవలెను.

ఏటియొద్ద పిల్లలను ఎంత ఈత వచ్చినను నీటిలో దింపకుడు. ఆనకట్ట గేట్లెత్తిన దినములలో దిగువ నీరు క్షణములో పెరుగును. జలాశయపు అంచులలో లోతెంతయో తెలియదు.

భోజనమునకు చింతపండు పులిహోర, దద్దోజనము, వేరుసెనగ ఉండలు, పలుచని మజ్జిగ చాలును. పులిహోర పిల్లలు తినినంత తినగా మిగిలినను సాయంకాలమువఱకు చెడదు. విస్తరాకులు తీసికొనిపోయి, తినినపిమ్మట వానిని కూడ సంచిలో వేసికొని తిరిగి రావలెను. ప్లాస్టికు సంచులను కోతులకును పశువులకును విడువరాదు. పసుపు, దూది, గుడ్డపీలిక, బిడ్డలకు జ్వరపు మందు ఒక చిన్న డబ్బాలో నుంచుకొనవలెను.

వ్యయమును గూర్చి చెప్పెదను. 2025 ఆగస్టు 15వ తేదీనుండి ఆంధ్రప్రదేశ్ ఆర్టీసీవారి పల్లెవెలుగు, ఎక్స్‌ప్రెస్ మున్నగు బస్సులలో స్త్రీలకు ఉచిత ప్రయాణము కలిగినది. ఆధారు కార్డు వంటి గుర్తింపును వెంట నుంచుకొనవలెను. మన తల్లుల కాలమున బస్సుకూలికి మగవారిని అడుగవలసియుండెను. ఆ యడ్డు తొలగినది. ఇక మిగిలినది “ఇంటి పని యెవరు చూతురు?” అను మాట యొక్కటే. దానికి నా జవాబు చెప్పెదను. ముందునాటి రాత్రి పప్పు రుబ్బి, పెరుగు తోడుపెట్టి, తలుపు తాళము వేసికొని రండు. ఒక్కదినము ఊడ్వని యిల్లు కూలిపోదు. భైరవకోన వంటి చోటులకు బస్సులు తఱచుగా నుండునని నమ్ముకొనక, రెండు మూడు కుటుంబములు కలిసి బండి మాటాడుకొనుట మంచిది. కలిసిపోవుటవలన భయమును తగ్గును, పిల్లలకు తోడును దొరకును.

ప్రయాణమునకు ముందునాటి రాత్రి పిల్లలకు ఆ చోటిని గూర్చి రెండు మాటలు చెప్పి, మిగిలినది దాచియుంచవలెను. తిరిగివచ్చిన మఱునాడు వారిచేత ఒక పుట వ్రాయింపవలెను. తప్పులు దిద్దకుడు. మా చిన్నవాడు సోమశిలను గూర్చి వ్రాసినది మూడు వాక్యములు మాత్రమే. అందులో కడపటిది, “మా అవ్వ ఊరు నీళ్ల అడుగున ఉంది, కానీ మా అవ్వకి అంతా గుర్తుంది” అని. దానిని మా యత్తగారు మడిచి తమ పెట్టెలో దాచుకొన్నారు.

ఈ వ్యాసము వ్రాయుచుండగా మావాడు వచ్చి, “వచ్చే ఆదివారం ఎక్కడికి?” అని నిలుచున్నాడు. ఆ కొండనెక్కితివా యని వాడు నన్నడిగిననాడు నేను సిగ్గుపడితిని. చదువరులైన సోదరీమణులలో నొక్కరైనను ఈ నెల ఒక్క ఆదివారము తమ బిడ్డలను, ఇంటి పెద్దలను వెంటబెట్టుకొని, తమ యూరికి చేరువనున్న కొండనో, కోననో, చెఱువునో చూపి వచ్చినచో నా శ్రమ ఫలించినట్లే యని తలచెదను.